పక్క పుస్తకం ధర

పాత పుస్తకాలు కొనేవాళ్ళకు ఒక నియమం ఉంది. కావలసిన పుస్తకాన్ని చూడకూడదు. దాని పక్కనున్నదాన్ని చేతిలోకి తీసుకోవాలి, తిరగేయాలి, పెదవి విరవాలి, ధర అడగాలి, "అబ్బో" అనాలి. వెళ్ళిపోతున్నట్టు రెండడుగులు వేసి, ఏదో గుర్తొచ్చినట్టు వెనక్కి తిరిగి, "పోనీ ఇదెంత?" అని అసలు పుస్తకాన్ని గడ్డంతో చూపించాలి. వేలితో చూపిస్తే మన ఆశ బయటపడుతుంది, కాలితో చూపిస్తే సరస్వతికి కోపం వస్తుంది. మనసులో ఉన్నది మొహం మీద కనబడిందంటే ఇక బేరం మన చేతిలో ఉండదు. ఈ విద్య నాకెవరూ నేర్పలేదు. ఆదివారాలు ఆబిడ్స్ ఫుట్‌పాత్‌ల మీదా, చిక్కడపల్లి పాత పేపర్ల దుకాణంలోనూ మోకాళ్ళు అరగదీసుకుని నేర్చుకున్నాను.

ఇందులో ఒక్కటే చిక్కు. పక్క పుస్తకాన్ని అంతసేపు తిరగేశాక మొహమాటానికి దాన్ని కూడా కొనాల్సి వస్తుంది. అందుకని మా అశోక్‌నగర్ ఫ్లాట్‌లో మేకలకు వచ్చే రోగాల మీద ఒక పుస్తకం ఉంది. కుట్టుమిషన్ మరమ్మతు మీద ఉంది. బాలింతల పథ్యం మీద రెండున్నాయి. నాకు మేకలు లేవు. "మనింట్ల ఉన్నయన్నీ పక్క పుస్తకాలే" అంటుంది మా ఆవిడ, దుమ్ము దులిపినప్పుడల్లా.

ఇంతకీ నాకు కావలసినవి ఏవంటే, తొలినాటి ప్రయోగాల పుస్తకాలు. మనుషులు మొదటిసారి గాలిని తూచి చూసినప్పటివి, గాజు గొట్టాన్ని పట్టుగుడ్డతో రుద్ది, అది కాగితం ముక్కల్ని లాగుతుంటే నోరు తెరిచినప్పటివి. ఎవరో పెద్దాయన చెప్పాడని నమ్మేయకుండా, తామే చేసి చూసి, చూసింది చూసినట్టు రాసినవాళ్ళ పుస్తకాలు. ఇది విని నేనేదో సైన్సు మాస్టర్ననుకునేరు. నారాయణగూడలో ఒక జూనియర్ కాలేజీలో కామర్స్ చెప్తాను. ఇంటర్‌లో ఫిజిక్స్ ప్రాక్టికల్ రోజున లోలకం ఊగుతుంటే, ఎన్నిసార్లు ఊగిందో లెక్కపెట్టడం మరిచిపోయి దాన్నే చూస్తూ నిలబడ్డాను. ఎగ్జామినర్ వచ్చి ఎన్ని ఊపులన్నాడు. "చాలా" అన్నాను. అక్కడితో సైన్సుకూ నాకూ తెగిపోయింది, మరుసటి ఏడు కామర్స్‌లో చేరాను. ఇప్పటికీ ఇంట్లో ఫ్యూజు పోతే మా ఆవిడే వేస్తుంది. నేను టార్చి పట్టుకుని, పూర్వం కరెంటును సీసాల్లో ఎలా నిలవ ఉంచేవారో ఆమెకు వివరిస్తుంటాను.

ఆ నియమం పుస్తకాల దగ్గర ఆగి ఉంటే బాగుండేది. పెళ్ళిచూపుల్లో మా ఆవిడ ఎదురుగా వచ్చి కూచుంది. నచ్చింది. నచ్చింది కాబట్టి నేను గోడగడియారం వైపు చూస్తూ కూచున్నాను. ఎక్కడ కొన్నారని, కీ ఎప్పుడిస్తారని కూడా అడిగాను. పిల్లవాడికి అమ్మాయి నచ్చలేదేమోనని వాళ్ళింట్లో ఒకటే పరేషాన్ అయ్యారట. చివరికి మా మామగారు ముచ్చటపడి ఆ గడియారం మాకే ఇచ్చేశారు. హాల్లో ఇప్పటికీ ఉంది. అది గంట కొట్టినప్పుడల్లా మా ఆవిడ నా వైపు ఒక చూపు చూస్తుంది.

నా దగ్గరున్నవాటిలో నాకు ప్రాణం లాంటిది ఒకటుంది. ఎర్ర తోలు అట్ట, వీపు మీద సన్నటి బంగారు గీత, లోపల ఏదో గ్రంథాలయానిది సగం చెరిగిన ఊదారంగు ముద్ర. మొదటి పుట చిరిగిపోయింది గనుక పేరేమిటో, రాసిందెవరో చెప్పలేను. మా తాతల తాతల కాలం నాటి ఇంగ్లీషు పుస్తకం. రెండు సంపుటాలు. మొదటిదాంట్లో అంతా రాత, రెండోదాంట్లో అంతా రాగిరేకుల మీద చెక్కి అచ్చువేసిన బొమ్మలు. నా దగ్గరున్నది మొదటిది.

అంటే ప్రతి పుటలోనూ "బొమ్మ చూడుము" అని ఉంటుంది, చూడటానికి బొమ్మ ఉండదు. ఫలానా బిరడాను మూసి, ఫలానా పిడిని కిందికి లాగమంటాడు. ఏ బిరడా? ఏ పిడి? గాలి తోడే యంత్రం అధ్యాయం మొత్తం మా కాలేజీ వెనక బస్తీలో ఉన్న చేతిబోరింగును ఊహించుకుని చదివాను. అందులో ఒక గాజుబుడ్డిలో పిట్టను పెట్టి గాలి తోడేస్తారు. పిట్ట సొమ్మసిల్లి పడిపోతుంది. వెంటనే బిరడా తిప్పి గాలి వదిలితే తేరుకుని లేస్తుంది. నా ఊహలో ఆ పిట్ట చేతిబోరింగు మీద వాలి ఉండేది. గాజుబుడ్డి ఎక్కడ పెట్టాలో నాకు అంతుపట్టేది కాదు.

నాలాంటి పిచ్చే ఉన్న ఇంకొకాయన్ని మొదట చూసింది చిక్కడపల్లి పాత పేపర్ల దుకాణంలోనే. కరెంటాఫీసులో చేసి రిటైరైన మనిషి, నాకంటే బాగా పెద్ద, ఎండైనా వానైనా చంకలో గొడుగు. మా ఇద్దరి మధ్యా ఒక కుప్ప, కుప్ప మీద అయస్కాంతాల గురించి ఒక చిన్న పాత పుస్తకం. ఆయన దానికి ఎడమపక్కనున్న వంటల పుస్తకం తీసుకున్నాడు. నేను కుడిపక్కనున్న టైలరింగ్ పుస్తకం తీసుకున్నాను. ఆయన పెదవి విరిచాడు, నేను అబ్బో అన్నాను. దుకాణం అతను, "కొంటరా, ఈడనే చదువుకుంటరా?" అన్నాడు. ఇద్దరం పైసలిచ్చి, వెళ్ళిపోతున్నట్టు చెరో వైపు రెండడుగులు వేశాం. వెనక్కి తిరిగేసరికి, మధ్యలోది ఎవరికీ అక్కరలేదనుకుని అతను దాన్ని చిత్తుకాగితాల రద్దీ మూటలోకి విసిరేశాడు. మూట అప్పటికే తూకం అయి, మూతి కట్టి, ట్రాలీ ఎక్కుతోంది.

బయట గొడుగు నీడలో నిలబడి ఆయన నన్ను అడిగాడు.

"అయస్కాంతాలేనా?"

"అయస్కాంతాలే."

"వంటల పుస్తకం గావాల్నా తమ్మీ? నాకు వండస్తది."

అప్పటినుంచి ప్రతి ఆదివారం పొద్దున ఆయన ఇంటికి పోవడం నాకు అలవాటైంది. చిక్కడపల్లి సందులో పెంకుటిల్లు. మొదట్లో భార్య ఉండేది, ఆమె పోయాక ఒక్కడే ఉండేవాడు. అన్నా అంటే పలికేవాడు. చాయ్ తనే పెట్టేవాడు, అల్లం ఎక్కువ. కొన్నాళ్ళ తర్వాత ఒక ఆదివారం ఆయన అలమారలో ఎర్ర తోలు కనబడింది. అదే బంగారు గీత. తెరిచి చూస్తే అదే ఊదా ముద్ర. నా పుస్తకం రెండో సంపుటం, బొమ్మలది, మా ఇంటికి నడిచిపోయేంత దూరంలో ఉంది. నేను వెంటనే మూసి అలమారలో పెట్టేసి, ఫ్యాన్ వైపు చూసి, "గాలి బాగనే వస్తున్నది అన్నా" అన్నాను.

మొదటిది నా దగ్గరుందని తర్వాతెప్పుడో మాటల్లో చెప్పాను. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ, "బొమ్మల్లేని రాత ఎందుకు తమ్మీ, కూరలేని అన్నం" అన్నాడు. "మరి రాతలేని బొమ్మలో? అన్నంలేని కూర" అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం. అంతే. ఏళ్ళు గడిచిపోయాయి. మేకపోతు గాంభీర్యంలో ఇద్దరం ఇద్దరమే. ఎవరు ముందు అడిగితే వాళ్ళు ఓడిపోయినట్టని ఇద్దరికీ తెలుసు. కాస్త చూస్తానని కూడా అడగలేదు నేను, చూస్తే చూపుల్లో తెలిసిపోతుందని.

మా ఆవిడకు ఇది అర్థం కాదు. "రెండు పుస్తకాలు ఒక్క బల్ల మీద వెట్టి చూస్కోరాదు?" అంటుంది.

"నీకు తెల్వది. గట్ల అడిగితే చెయ్యి జారిపోతది."

"అడగంది అమ్మన్న పెట్టదు" అని ఆమె వంటింట్లోకి పోతుంది.

పోయిన ఎండాకాలం ఆయన ఉండే సందులో ఆ వరసంతా బిల్డర్‌కు ఇచ్చేశారు. పెంకుటిళ్ళు తీసి అపార్ట్‌మెంట్ కడతారట. ఆయన ఉప్పల్ దగ్గర చెల్లెలి ఇంట్లో పైవాటాకు పోవడానికి ఒప్పుకున్నాడు. అక్కడ ఒక్క బీరువాకే చోటు. ఫోన్ చేసి, "తమ్మీ, జర వచ్చిపో. ఏది ఉంచాల్నో ఏది తీసెయ్యాల్నో సమజైతలేదు" అన్నాడు.

వెళ్ళేసరికి పుస్తకాలన్నీ నేల మీద ఉన్నాయి. హోటళ్ళకూ ఆఫీసులకూ గోడల అలంకరణ చేసే ఒకతను వచ్చి చూసిపోయాడట. పాత బొమ్మల పుస్తకాలుంటే ఏరి పెట్టమన్నాడట, పుటలు కోసి ఫ్రేములు కట్టిస్తాడట. ఈ సంగతి చెప్తూనే అన్న ఆ ఎర్ర తోలు పుస్తకం తీసి, రెండు చేతులతో పట్టుకుని నా ముందుకు చాపాడు.

"దీన్ని ఏం జేద్దాం తమ్మీ?"

చేయి చాపితే చాలు. లోపల నా ప్రాణం గిలగిల్లాడుతోంది. కానీ చేయి చాపడమే నాకు రాని విద్య. నా కళ్ళు వాటంతటవే పక్కకు పోయాయి. పక్కన ఒక పాత రైల్వే టైంటేబుల్ పడి ఉంది, అందులో ఉన్న బండ్లు సగం ఇప్పుడు నడవడం లేదు. దాన్ని తీసుకుని తిరగేస్తూ, "అదెందుకన్నా, రాతలేని బొమ్మలు, ఎవరికి పనికొస్తయి? ఇదేదో బాగున్నట్టుంది" అన్నాను.

ఆయన చాపిన చేతులు కాసేపు అలాగే ఉంచాడు. తర్వాత పుస్తకాన్ని ఒళ్ళో పెట్టుకుని, "అంతేనంటవా" అన్నాడు.

నా లెక్క నాకుంది. ఇది మొదటి రెండడుగులు. వచ్చే ఆదివారం వెళ్ళి, ఏదో గుర్తొచ్చినట్టు, "పోనీ, పారేసేదే గద, ఇటియ్యి" అని గడ్డంతో చూపిస్తాను. టైంటేబుల్ చంకన పెట్టుకుని ఇంటికి వస్తే మా ఆవిడ తలుపు తీసి దాని వంక చూసింది. "మల్ల పక్కదేనా?" అంది.

ఆదివారం వెళ్ళేసరికి ఆ అలమారే లేదు. ఎర్ర తోలు అట్ట ఒక్కటి కిటికీలో ఉంది, లోపల ఏమీ లేకుండా. పుటలు తీసుకుని అట్ట వదిలేసి పోయాడట ఆ అలంకరణ మనిషి. నేను దాన్ని పట్టుకుని నిలబడిపోయాను. ఏడుపు ఆగలేదు. యాభై దాటిన మనిషిని, కామర్స్ లెక్చరర్ని, ఒక ఖాళీ అట్ట పట్టుకుని ఏడ్చాను.

అన్న బిత్తరపోయాడు. "ఏందిది తమ్మీ? నువ్వే అంటివి గద పనికిరాదని."

"నాకు గావాలె అన్నా. మొదటిరోజు నుంచి గావాలె."

"మరి చెప్పకపోతివి? నీకు గావాలేమోనని ముందుగాల నిన్నే పిలిచిన. ఎదురుంగ వెట్టిన. నువ్వు టైంటేబుల్ పట్టుకపోయినవ్." ఆయన పక్కనున్న అట్టపెట్టె మీద కూలబడ్డాడు. "ఈ ముచ్చట తెలిసినోనివి నువ్వొక్కనివే. నీ మాట మీదనే ఇచ్చిన."

తర్వాత తనే చెప్పడం మొదలుపెట్టాడు. తనకు కూడా నా మొదటి సంపుటం కావాలట, నేను చెప్పిన రోజు నుంచీ. ఆ బొమ్మలన్నీ కంఠతా వచ్చు గానీ, ఏది దేనికో ఒక్కటీ తెలియదు. గాలి తోడే యంత్రాన్ని ఏదో చెరుకురసం మిషన్ అనుకున్నాడట. "ఎప్పటికన్న నువ్వే తెస్తవేమో అనుకున్న" అన్నాడు. కూరలేని అన్నం అన్నది ఎందుకన్నా అని అడిగితే, "నువ్వు ఫ్యాన్ దిక్కు ఎందుకు చూసినవో గందుకే" అన్నాడు. మేమిద్దరం తెలివైనవాళ్ళం. అంత తెలివికి మా చేతుల్లో మిగిలింది ఒక అట్ట.

ఆ పుటలు ఎక్కడికి పోయాయో అలంకరణ మనిషికి ఫోన్ చేస్తే తెలిసింది. నారాయణగూడలో కొత్తగా తెరిచిన ఒక కాఫీ షాపు. లోపలికి పోతే నాలుగు గోడల మీదా అవే, నల్ల ఫ్రేముల్లో, బల్లకొకటి చొప్పున. బొమ్మ కింది అంకెలు ఫ్రేము లోపలి అట్టలో దాగిపోయాయి. ఆ ఫ్రేముల కింద కుర్రాళ్ళు ఫోన్లు చూసుకుంటున్నారు. నాకు బుద్ధి వచ్చింది కదా, ఈసారి పక్క చూపులు చూడకూడదనుకున్నాను. నేరుగా యజమాని కుర్రాడి దగ్గరికి పోయి, "బాబూ, ఈ బొమ్మలు నాకు గావాలె. నువ్వెంతంటే అంత" అన్నాను.

అప్పటిదాకా వాటిని గోడకు వేసిన రంగులా చూసినవాడు, లేచి ఒక్కొక్క ఫ్రేము దగ్గరికీ పోయి చూసొచ్చాడు. "ఇవి గంత స్పెషలా అంకుల్? అయితే ఇయ్య" అన్నాడు. మరుసటి ఆదివారానికి ప్రతి ఫ్రేముకూ నాలుగు మూలలా మరలు బిగించి, పైన చిన్న చిన్న లైట్లు కూడా పెట్టించాడు. నియమం అవసరమైన ఒకే ఒక్క చోట నేను దాన్ని తప్పాను. ఇంటికొచ్చి చెప్తే మా ఆవిడ కడుపు పట్టుకుని నవ్వింది.

ఆ లైట్లు మాకే పనికొచ్చాయి. ఆదివారం పొద్దున అన్న ఉప్పల్ నుంచి బస్సు పట్టుకుని వస్తాడు, చంకలో గొడుగుతో. నేను సంచిలో మొదటి సంపుటం పెట్టుకుని అశోక్‌నగర్ నుంచి నడిచి పోతాను. ఒక బొమ్మ కింద కూచుంటాం. నేను చదువుతాను, ఆయన లేచి గొడుగు మొనతో గోడ మీద బిరడా ఎక్కడుందో, పిడి ఎక్కడుందో చూపిస్తాడు. అంకెలు కనబడవు గనుక ఏ బొమ్మకు ఏ పుటో వెతుక్కోవడమే సగం పని. గాలి తోడే యంత్రం చేతిబోరింగులా లేదు, చెరుకురసం మిషన్‌లానూ లేదు. రెండు కాళ్ళ మీద నిలబడ్డ అందమైన ఇత్తడి వస్తువది.

పిట్ట బొమ్మ కింద బల్ల మాత్రం దొరికేది కాదు. అక్కడెప్పుడూ ఒక జంట ఉండేది, మా అశోక్‌నగర్‌లో సర్కారు కొలువుల కోచింగ్‌కు వచ్చిన పిల్లలు. నేను ఆ బల్ల చుట్టూ తిరుగుతూ, వాళ్ళు తలెత్తితే చటుక్కున పక్క ఫ్రేము వైపు చూసేవాణ్ణి. తన తండ్రి పంపిన మనిషిననుకుందో ఏమో, ఒకరోజు ఆ పిల్ల ధైర్యం చేసి, "అంకుల్, మీకేమన్న గావాల్నా?" అంది.

"ఆ బొమ్మ చూడాలమ్మా" అన్నాను.

వాళ్ళు జరిగి చోటిచ్చారు. అన్న కూచోలేదు. గాజుబుడ్డిలో రెక్కలు వాల్చి పడివున్న పిట్టకు ఎదురుగా నిలబడ్డాడు. "మా ఆమె ఈ పుట వస్తె చటుక్కున తిప్పేసేది" అన్నాడు. "చచ్చిపోయిన పిట్టను ఎందుకు వెట్టిండ్రు పుస్తకంల అని నన్ను అడుగుతుండె. నాకేం తెలుసు."

నేను పుట వెతికి, తెలుగు చేసుకుంటూ చదివాను. పిట్ట పడిపోయిన వెంటనే బిరడా తిప్పి గాలి వదలాలి. కాసేపటికి అది తేరుకుని లేచి నిలబడుతుంది, ఆ తర్వాత దాన్ని వదిలిపెట్టాలి.

"బతుకుతదా?" అన్నాడు అన్న.

"బతుకుతది అన్నా. ఇక్కడ రాసుంది."

ఆయన గొడుగు గోడకు ఆనించి, రెండు చేతులూ వెనక్కి కట్టుకుని చూస్తూనే ఉన్నాడు. ఆ వాక్యం ఇన్నేళ్ళూ మా ఇంట్లో, మేకల రోగాల పక్కన ఉంది. ఆమె బతికి ఉండగా నడిచి పోయి చదివి వినిపించేంత దూరంలో ఉంది. ఆ పిల్ల మాత్రం అది బతుకుతుందని విని సంతోషించి, మాకిద్దరికీ కాఫీ తనే చెప్పింది.

ఒక్కో ఆదివారం గడిచేకొద్దీ నాకు కొత్త దిగులు పట్టుకుంది. గోడల మీది బొమ్మలు అయిపోవస్తున్నాయి. నేను చదవడం నెమ్మది చేశాను. చదివిన పేరానే మళ్ళీ చదివాను. అర్థమైనవాటికి కూడా తల గోక్కున్నాను. ఆయనకు తెలియకపోలేదు, పిడి ఎక్కడుందో చూపించడానికి ఆయనా చాలాసేపు తీసుకునేవాడు. అయినా పోయిన ఆదివారం, బిల్లు కట్టే కౌంటరు పక్కనున్న ఆఖరి బొమ్మ, నీటి గడియారం, అయిపోయింది. నేను పుస్తకం మూశాను. అన్న గొడుగు అందుకున్నాడు. బస్సుల్లో నిలబడితే మోకాళ్ళు గుంజుతున్నాయని, ఉప్పల్ చాలా దూరమని, ఇక్కడ కాఫీ మరీ చేదని అన్నాడు.

నా కళ్ళు గోడ మీది గడియారం బొమ్మ వైపు పోబోయాయి. బలవంతాన వెనక్కి తెచ్చుకున్నాను.

"అన్నా, బొమ్మలు అయిపోయినా నువ్వు రావాలె" అన్నాను. "బొమ్మల కోసం కాదు. నాకు నువ్వు గావాలె."

మా ఆవిడతో కూడా ఎప్పుడూ అనని మాట.

ఆయన నా వైపు చూడలేదు. కౌంటరు మీద పక్కనే ఒక బిస్కెట్ల సీసా ఉంది. దాన్ని దగ్గరికి లాక్కుని, మూత తీసి, ఒక బిస్కెట్ పైకెత్తి వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూశాడు, పెదవి విరిచాడు. తర్వాత యజమానిని పిలిచి, ఇదెంత అని అడిగాడు.